పహాణీ గళ్లు

గోదావరి, మంజీర, హరిద్ర యను మూడు నదులు కలియు తావు కందకుర్తి. మహారాష్ట్రము దాటి వచ్చిన గోదావరి తెలంగాణమున అడుగుపెట్టునది ఇచ్చటనే. ఈ సంగమపు టొడ్డున నిలిచి చూచువానికి ఏది రేగడి చేనో, దేనికి నీరు పారునో, దానిని దున్నువా రెవరో కంటి యెదుటనే కనబడును. కచ్చేరిలో కూర్చున్న ఉద్యోగికి చేను కనబడదు. కాగితము మాత్రమే కనబడును. కావున ఆ కాగితముపై గళ్లు గీసిన తీరునుబట్టియే రైతుల హక్కులు నిలుచుటయు, మాసిపోవుటయు జరుగుచు వచ్చినది.

1865లో మొదటి సాలార్ జంగు హైదరాబాదు రాజ్యమున జిల్లాబందీ నేర్పరచెను. పిదప బొంబాయి పద్ధతి ననుసరించి భూములు కొలిపించి, నంబరు లిచ్చిరి. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు - ఈ స్థిరమైన సంగతులు సేత్వారులో చేరెను. ఏటేట మారునవి పహాణీకి వచ్చెను. పహాణీ యనునది మరాఠీ మాట; చూచుట యని దాని యర్థము. పట్వారి పొలము తిరిగి, చూచిన దానిని గళ్లలో నింపవలెను. పట్టాదారున కొక గడి, అనుభవదారున కొక గడి, జలాధారమున కొకటి, పంట కొకటి. 1931లో నిజాంసాగరు పూర్తియై, 1937లో బోధనుచెంత శక్కరునగరున చక్కెర కర్మాగారము వెలసిన పిమ్మట, ఈ ప్రాంతమున నీటి గడికిని పంట గడికిని విలువ హెచ్చినది.

అందు ముఖ్యమైనది అనుభవదారు గడి. పట్టా యొకరిది, సేద్య మొకరిది యగుట ఈ సీమలో సామాన్యము. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీని నేటికిని న్యాయస్థానములలో సాక్ష్యముగ చూపుచున్నారు. అయితే పాత పహాణీకి దోషము లేకపోలేదు. గళ్లు పెక్కు, వ్రాత ఉర్దూ, దాని మర్మము పట్వారికే తెలియును. తన పేరు ఏ గడిలో నున్నదో రైతు ఎరుగడు.

2020 అక్టోబరు 29న ధరణి వచ్చెను. దస్తరము కంప్యూటరు తెరపై కెక్కినది. పుట తేటపడెను; కాని అనుభవదారు గడి తొలగెను. పుటను తేలిక చేయబోయి దున్నువానిని పుటనుండి తప్పించినట్లయినది. ఇక దరఖాస్తుల విభాగములా, ముప్పదికి మించెను. తన చిక్కు ఏ విభాగమునకు చెందునో ముందుగ తెలిసిననే గాని రైతు లోపలికి పోజాలడు. 2025 ఏప్రిల్ 14న భూభారతి ఆరంభమైనప్పుడు, 33 విభాగములను 6కు తగ్గించితి మని ప్రభుత్వము ప్రకటించెను. తొలుత ప్రయోగముగ ఎన్నుకొన్న నాలుగు మండలములలో, పూర్వము నిజామాబాదు జిల్లాలోనుండి నేడు కామారెడ్డి జిల్లాలోనున్న లింగంపేట యొకటి.

ద్వారములు తగ్గుట మేలే. అయినను గళ్లు తగ్గించుట వేరు, వానిని తీర్చుట వేరు. ఒకే జాతి సంగతులను ఒకచోట చేర్చి, ముందడుగవలసినది ముందుంచి, రైతుకు తెలిసిన మాటతో పేరు పెట్టుట తీర్చుట. ఉన్న హక్కునకు చోటు లేకుండ చేయుట తీర్చుట గాదు. కందకుర్తి యొడ్డున కౌలుకు దున్ను రైతు ఆ తెర ముందు నిలిచి, తన పేరు వ్రాయుటకు చోటెక్కడ అని అడిగినప్పుడు, వ్రేలితో చూపగలుగవలెను. పహాణీ యను మాటకు చూచుట యని పేరు పెట్టిన పెద్దలు కోరినది అదియే.