చరరాశి

కళ్లంలో కుప్పపోసిన వడ్లు రాశి. పంచాంగంలో మేషం, కర్కాటకం, తుల, మకరం చర రాశులు. గణితంలో మారుతుండే విలువకూ అదే పేరు: చరరాశి. బి.ఇడి. పుస్తకాల్లో పొట్టిగా ‘చరం’.

మారేదాన్ని కొలవాలంటే ముందు దాని హద్దు గట్టిగా గీయాలి. అక్షరాస్యతనే చూడండి. అక్షరం, ఆస్యం కలిసిన మాట, ఆస్యమంటే నోరు. నోట అక్షరం పలికితే చాలన్నట్టుంటుంది. జనగణనకు అది చాలదు. ఏడేళ్లు, ఆపై వయసుండాలి. ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ రావాలి. బడికి వెళ్లి ఉండనక్కర్లేదు. 1981 దాకా ఐదేళ్ల లోపు పిల్లలనే వయసును బట్టి నిరక్షరాస్యులుగా లెక్కించేవారు. 1991లో ఆ గీత ఏడేళ్లకు జరిగింది. పాత పట్టికల పక్కన కొత్తవి పెట్టేవాళ్లు ఈ సంగతి చెప్పకపోతే, నా దృష్టిలో అది చిన్న తప్పు కాదు. గీత ఎక్కడ గీశారో రాయని శాతాన్ని నేను నమ్మను.

రోజూ భాగవతం చదువుకుంటూ, ఏనాడూ కలం పట్టని అవ్వలు మన ఊళ్లలో ఉండేవారు. జనగణన నిర్వచనంలో వాళ్లు నిరక్షరాస్యులే. ఆస్యం నిండా అక్షరాలున్నా.