సంతకం పెట్టారుగా... మరి చెయ్యండి!

మన ప్రాజెక్టుల్లో స్పెక్ మీద అందరూ సంతకాలు పెట్టేస్తారు, చదివేవాళ్ళు తక్కువ. తీరా టెస్టింగులో ఎవడో ఒకడు లైను లైనూ పట్టుకుని "ఇది లేదు, అది లేదు" అని బగ్గులు రాస్తే అప్పుడు గుర్తొస్తుంది. 1976లో మాస్కోలో జరిగిందీ ఇదే. కాకపోతే అక్కడ బగ్గులు రాసినవాళ్ళని జైల్లో పెట్టారు.

1975 ఆగస్టు 1న హెల్సింకిలో 35 దేశాలు ఒక ఒప్పందంపై సంతకాలు చేశాయి. బ్రెజ్నేవ్‌కి కావలసింది రెండో ప్రపంచయుద్ధం తర్వాతి సరిహద్దులకు గుర్తింపు. దానికి బదులుగా మానవహక్కులను గౌరవిస్తామనే ఏడో సూత్రానికీ ఒప్పుకున్నాడు. ఇది చట్టపరమైన ట్రీటీ కాదు, రాజకీయ హామీ మాత్రమే. కానీ ఆ ఏడో సూత్రంలోనే, అంతర్జాతీయ హక్కుల ఒడంబడికలకు కట్టుబడిన దేశాలు వాటిని పాటించాలని ఉంది. సోవియట్ ప్రభుత్వం వాటిని 1973లోనే ఆమోదించింది! పైగా ఒప్పందం పాఠాన్ని ప్రజలకు అందించాలన్న షరతు ప్రకారం ప్రావ్దా మొత్తం అచ్చేసింది.

యూరీ ఓర్లోవ్ అనే భౌతికశాస్త్రవేత్త దాన్ని శ్రద్ధగా చదివాడు. 1976 మే 12న సఖరోవ్ ఇంట్లో 11 మందితో ఒక బృందాన్ని ప్రకటించాడు. పేరు చూడండి: ఒప్పందం అమలుకు 'తోడ్పడే' బృందం. వ్యతిరేకం అనలేదు, సాయం చేస్తామన్నారు!

వాళ్ళ పని సింపుల్. క్రిమియా తాతార్లు, పెంతెకొస్తులు, వలస వెళ్ళనివ్వని యూదులు... ఎవరొచ్చి గోడు చెప్పుకున్నా నిజానిజాలు విచారించి, కార్బన్ కాపీలతో టైపు చేసి, ఎంబసీలకీ విదేశీ విలేకరులకీ అందించడం. 1982 దాకా ఇలా 195 పత్రాలు రాశారు.

ఫలితం? ఓర్లోవ్‌కి ఏడేళ్ళ లేబర్ క్యాంపు, ఆపైన ఐదేళ్ళ ప్రవాసం. షరాన్‌స్కీకి 13 ఏళ్ళు. మార్చెంకో 1986 డిసెంబరులో ఖైదులోనే చనిపోయాడు. 1982 సెప్టెంబరులో, బయట మిగిలిన ముగ్గురు పని ఆపేస్తున్నామని ప్రకటించారు.

అంటే ఓడిపోయారా? నాకలా అనిపించదు. ఆ పత్రాల వల్ల బెల్‌గ్రేడ్, మాడ్రిడ్ సమావేశాల్లో సోవియట్ ప్రతినిధులు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. వాళ్ళకి అండగా 1978లో న్యూయార్క్‌లో పుట్టిన హెల్సింకి వాచే తర్వాత హ్యూమన్ రైట్స్ వాచ్ అయింది. షరాన్‌స్కీ, ఓర్లోవ్ ఇద్దరూ 1986లో బయటపడ్డారు.

1989లో బృందం మళ్ళీ మొదలైంది. 2023 జనవరిలో రష్యా కోర్టు దాన్ని రద్దు చేసింది. కారణం ఏంటో తెలుసా? మాస్కోలో రిజిస్టరై వేరే ఊళ్ళలో పనిచేశారట!

అన్నట్టు, చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంపై మన దేశం 1997లో సంతకం పెట్టింది, ఇంతవరకూ ఆమోదించలేదు. అందులో ఏముందో మనలో ఎంతమందిమి చదివాం? నేనూ ఈ పోస్టు రాయడం కోసమే మొదటిసారి తెరిచాను.