విశాఖ చుక్క

సముద్ర జీవుల పటాల కథను అందరూ 2000 నుంచే ఎత్తుకుంటారు. ఆ ఏడు ‘సెన్సస్ ఆఫ్ మెరైన్ లైఫ్’ మొదలైంది, దానితోపాటే ఏ జీవి ఎక్కడ దొరికిందో నమోదు చేసే ఓబిస్ డేటాబేస్ వచ్చింది, 2009లో అది యునెస్కో గూటికి చేరింది. తప్పులుంటే కంప్యూటర్లో ఎక్కించినవాళ్లవే అంటారు. నాకు ఆ లెక్క కుదరడం లేదు. తప్పు అంతకు రెండు వందల ఏళ్ల ముందే, మన విశాఖ ఒడ్డునే మొదలైంది.

ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ 1780లలో అక్కడ చేపలు సేకరించి, ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. 1803లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలోని 200 చేపల్లో చాలావాటికి స్థానికుల నోటి పేర్లే ఉంచాడు. అందుకు ఆయనంటే నాకు గౌరవం. కాని ఆయన ‘జెల్లో’ అన్న చేపను చూడండి: పొడుగు మూతి, కోరపళ్లు. 1829లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కువియే దానికి స్ఫైరీనా జెల్లో అని పేరు పెట్టాడు. మనకేమో జెల్ల అంటే మీసాల చేప. పేరొక్కటే మిగిలి ఉంటే రెండూ కలిసిపోయేవి, బొమ్మ ఉండబట్టి బతికిపోయాం.

పేరుకు బొమ్మ కాపలా ఉంది, చోటుకు ఏదీ లేదు. పాత నమోదులో ‘వైజాగపటాం’ (విశాఖపట్నం) అంటే చేప ఒడ్డుకు చేరిన ఊరు, అది తిరిగిన నీళ్లు కావు. 1880ల నుంచి బంగాళాఖాతంలో తిరిగిన ‘ఇన్వెస్టిగేటర్’ సర్వే ఓడ చోటూ లోతూ రాసుకుంది, దాన్ని మినహాయిస్తాను. శ్రీరాంపూర్ బొగ్గు గనుల్లో బోరు వేసిన చోటు, లోతు తెలియని రాతి కోర్ ముక్కను ఏ సర్వేయరూ గని ప్లాన్‌లోకి ఎక్కించడు. సముద్రం విషయంలో మాత్రం ఎక్కించేశాం: 17.7, 83.3 అని ఒక చుక్క. దశాంశం తరవాత ఒక్క అంకె అంటే దాదాపు 11 కిలోమీటర్లు. అంత దూరంలో నీటి లోతూ అడుగు నేలా మారిపోతాయి.

ఓబిస్ నేల మీద పడ్డ చుక్కను పట్టుకుంటుంది. లోతు రాసి ఉంటే సముద్రపు అడుగుతో పోల్చి చూస్తుంది. మంచి పనే. లోతు గడి ఖాళీగా ఉంటే మాత్రం పోల్చడానికేమీ ఉండదు. చోటు ఎంత మేర అటూఇటూ కావచ్చో రాయడానికి ఇలాంటి నమోదులకు వాడే డార్విన్ కోర్ ప్రమాణంలో ఒక గడి ఉంది. చాలా నమోదుల్లో అదీ ఖాళీయే. అలాంటి చుక్కలు కలిపి ఫలానా చేప విస్తరిస్తోందనో తరిగిపోతోందనో చెబితే నేను ఒప్పుకోను.

ఇప్పటికీ హార్బర్‌లో మరబోటు దించిన బుట్టలో రోజుల తరబడి వేర్వేరు చోట్ల వల వేసి పట్టిన చేపలు ఒక్కచోటే ఐసులో ఉంటాయి. ఏ వల ఎక్కడ వేశాడో సరంగుకు తెలుసు. నమోదు రాసేవాళ్లు బుట్ట దగ్గర ఆగిపోకుండా అతని దాకా వెళ్లాలి.