పింఛను నుంచి పొదుపు ఖాతాకు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో సీపీఎస్ చరిత్ర

ఉద్యోగ విరమణ తరవాత బతికున్నంత కాలం ప్రభుత్వమే నెలనెలా పింఛను చెల్లించే పద్ధతి పోయి, ఉద్యోగి పేరున తెరిచిన ఖాతాలో అతని జీతం నుంచి కొంత, ప్రభుత్వం తరఫున కొంత జమ చేస్తూ, ఆ సొమ్ము మార్కెట్లో ఎంత పెరిగితే అంతలోంచే ముసలితనం గడుపుకోవలసిన పద్ధతి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి అమలైంది. ఉత్తర్వుల్లో దాని పేరు కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం. ఉద్యోగుల నోట సీపీఎస్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలయ్యేదాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. పాలమూరు (మహబూబ్‌నగర్) వలసలకు పేరుపడిన ఈ నేల మీద పెద్ద పరిశ్రమలు తక్కువ. చదువుకున్నవాళ్లకు స్థిరమైన జీతమంటే చాలా ఊళ్లలో బడి, పంచాయతీ, రెవెన్యూ, పోలీసు కొలువులే. సర్కారు నౌకరికి ఇంత విలువ రావడానికి జీతం ఒక కారణమైతే, రిటైరయ్యాక ఆగని పింఛను రెండో కారణం. 2004లో తెగిపోయింది ఆ రెండోదే. ఖాతా పద్ధతిని ఉద్యోగులతో ఆపకుండా పొదుపు సంఘాల మహిళల మీద, మగ్గాల మీద కూడా ప్రయోగించారు కాబట్టి ఈ ప్రాంతపు అనుభవానికి ఒక ప్రత్యేకత ఉంది.

పాత పింఛను

సంస్థానాల కాలంలో గద్వాల, వనపర్తి ప్రభువులు, కొల్లాపూరులోని జటప్రోలు ప్రభువులు, ఆత్మకూరు కేంద్రంగా ఏలిన అమరచింత ప్రభువులు పండితులకు, కవులకు ఏటేటా వర్షాశనాలు ఇచ్చేవారు. దొర దయ ఉన్నన్నాళ్లూ అందేవి. ఆధునిక పింఛను అలాంటి దయాధర్మం కాదని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న డి.ఎస్.నకారా కేసులో తేల్చింది. చేసిన సేవకు అది హక్కుగా దక్కాలన్నది తీర్పు సారం. పెన్షనర్లు డిసెంబరు 17ను తమ దినంగా జరుపుకొనేది అందుకే.

రాష్ట్రంలో పాత పింఛనుకు ఆధారం 1980 నాటి సవరించిన పింఛను నిబంధనలు. 33 ఏళ్ల సర్వీసు నిండితే చివరి జీతంలో సగం పింఛను. అందులో 40 శాతం దాకా కమ్యూట్ చేసి ఒకేసారి తీసుకోవచ్చు. ధరలు పెరిగితే కరవు భృతి పెరుగుతుంది, పీఆర్సీ (వేతన సవరణ) వచ్చినప్పుడు పింఛనూ మారుతుంది. పెన్షనరు పోతే భార్యకో భర్తకో కుటుంబ పింఛను. దీనికోసం ఉద్యోగి జీతంలో పైసా కోత పడేది కాదు. పక్కన జీపీఎఫ్ (సాధారణ భవిష్య నిధి) వేరే ఉండేది. స్థానిక సంస్థల ఉపాధ్యాయుల జీపీఎఫ్ ఖాతాలు మహబూబ్‌నగర్ జిల్లా పరిషత్తులో ఉండేవి. బిడ్డ పెళ్లికో, ఇంటి స్లాబుకో అందులోంచి కొంత తీసుకునేందుకు పార్ట్ ఫైనల్ పెట్టుకోవడం ప్రతి స్టాఫ్‌రూముకూ తెలిసిన వ్యవహారం.

ఈ పద్ధతిలో ఒక లోపమూ ఉంది. పింఛనుకు ముందుగా కూడబెట్టిన నిధి అంటూ ఏదీ లేదు. ఈ ఏటి పన్నుల్లోంచే ఈ ఏటి పింఛన్లు పోవాలి. మనుషుల ఆయుష్షు పెరిగేకొద్దీ బడ్జెట్‌లో ఆ పద్దు ఉబ్బుతూ పోతుంది. మార్పు కోరినవాళ్ల వాదన అంతా దీని మీదే నిలిచింది, ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం.

ఆలోచన ఎక్కడిది

దేశం మొత్తం పింఛనును వ్యక్తిగత ఖాతాలకు మళ్లించిన మొదటి ప్రయోగం చిలీది. పినోచెట్ సైనిక ప్రభుత్వంలో కార్మిక మంత్రి హొసే పిన్యేరా నడిపించిన ఆ సంస్కరణ 1981లో అమలైంది. జీతంలో 10 శాతం ప్రైవేటు ఫండు కంపెనీలకు వెళ్లాలి. సైన్యాన్ని మాత్రం మినహాయించారు. 1994లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఈ దారిని లోకమంతటికీ సిఫారసు చేసింది. మన దేశంలో ఎస్.ఎ.దవే అధ్యక్షతన ఓయసిస్ కమిటీ వేసిన పునాది మీద కేంద్రం 2003 డిసెంబరు 22న నోటిఫికేషన్ ఇచ్చి, 2004 జనవరి 1 తరవాత చేరే తన ఉద్యోగులను కొత్త పింఛను పథకంలోకి తెచ్చింది. ఇక్కడా సైనిక దళాలకు మినహాయింపే. ఖాతా అంత లాభసాటి అయితే తుపాకీ పట్టినవాళ్లకు ఎందుకు వద్దన్నారని ఉద్యోగ సంఘాలు అడిగే ప్రశ్నకు ఇప్పటికీ సూటి జవాబు రాలేదు.

2004 మేలో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఏర్పడింది. ఆర్థిక శాఖ సెప్టెంబరు 22న జీవో 653 విడుదల చేసి, సెప్టెంబరు 1 తరవాత ఉద్యోగంలో చేరిన ప్రతి ఒక్కరినీ పాత నిబంధనల పరిధి నుంచి తప్పించింది. అంటే అమలు తేదీకి మూడు వారాల తరవాత ఉత్తర్వు వచ్చింది. మూల వేతనం, కరవు భృతి కలిపి అందులో 10 శాతం ఉద్యోగి వాటా, అంతే మొత్తం ప్రభుత్వ వాటా. కొత్తవాళ్లకు జీపీఎఫ్ లేదు. కేంద్రంలోనూ పింఛను నిధి నియంత్రణ సంస్థకు చట్టబద్ధత 2013లో గానీ రాలేదు. దాదాపు పదేళ్లపాటు ఈ వ్యవస్థ కార్యనిర్వాహక ఉత్తర్వుల మీదే నడిచింది.

ఖజానాకు వెంటనే మిగిలింది కూడా ఏమీ లేదు. పాతవాళ్లకు పింఛను కట్టాలి, కొత్తవాళ్ల ఖాతాలో 10 శాతం వేయాలి. రెండు భారాలూ ఒకేసారి పడ్డాయి. ఆదా ఎప్పుడో ముప్పై నలభై ఏళ్లకు, ఇప్పటి పాలకులెవరూ పదవిలో ఉండని కాలానికి వస్తుంది.

జీతం బిల్లు నుంచి ముంబై దాకా

మల్దకల్ మండలంలోనో కోడేరు మండలంలోనో పనిచేసే ఒక స్కూల్ అసిస్టెంటు జీతం బిల్లును డీడీవో (జీతాలు డ్రా చేసి పంచే అధికారి) తయారుచేసి ఉప ఖజానాకు పంపుతాడు. బిల్లులో సీపీఎస్ కోత ఒక గడి. దాని పక్కన పన్నెండంకెల ప్రాన్, అంటే ఉద్యోగి శాశ్వత పింఛను ఖాతా నంబరు. ఖజానా వివరాలు పంపాక సొమ్ము ట్రస్టీ బ్యాంకుకు, లెక్క ముంబైలోని కేంద్ర రికార్డుల సంస్థకు చేరతాయి. మొదట ఎన్ఎస్‌డీఎల్ అనిపించుకున్న ఆ సంస్థ పేరు ఇప్పుడు ప్రోటియన్. ఎస్‌బీఐ, ఎల్ఐసీ, యూటీఐలకు చెందిన మూడు ఫండ్లు ఆ డబ్బును పంచుకుని పెట్టుబడి పెడతాయి. ఉద్యోగి వేరే ఎంపిక చేసుకోకపోతే షేర్లలోకి పోయేది కొంత భాగమే, మిగిలినది ఎక్కువగా ప్రభుత్వ బాండ్లు, కంపెనీ బాండ్లే. అందుకని సీపీఎస్ సొమ్మంతా షేర్ మార్కెట్లో జూదమాడుతున్నారన్న మాట ధర్నాల్లో వినిపించినంత నిజం కాదు.

అసలు చిక్కు వేరేచోట ఉంది. ఖాతా పద్ధతికి ప్రాణం టైముకు జమ కావడం. 2004లో కోత మొదలైనా కేంద్ర రికార్డుల సంస్థ పని చేయడం మొదలైంది 2008లో. ఆ మధ్య కాలపు కోతలు, ఆ తరవాత డీడీవో తప్పు నంబరు వేసినవి, బదిలీల్లో జారిపోయినవి, ప్రభుత్వ వాటా ఆలస్యమైనవి అన్నీ కలిసి "మిస్సింగ్ క్రెడిట్స్" అనే కొత్త తలనొప్పి పుట్టింది. పే స్లిప్పులో కోత కనిపిస్తుంది, ప్రాన్ స్టేట్‌మెంటులో ఆ నెల ఖాళీ. ఉద్యోగి పాత బిల్లుల టోకెన్ నంబర్లు వెతుక్కుని ఖజానాకు అర్జీ పెట్టుకోవాలి. పాత పింఛనులో ఒక నెల లెక్క తప్పితే చివరి జీతం మారదు. ఇక్కడ జమ కాని ప్రతి నెలా ముప్పై ఏళ్ల రాబడిని కూడా పోగొడుతుంది.

రిటైరయ్యే నాడు నిధిలో 60 శాతం దాకా చేతికి ఇస్తారు. కనీసం 40 శాతంతో బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ (నెలనెలా చెల్లింపు పథకం) కొనాలి. లెక్కకు 30 లక్షలు పోగయ్యాయనుకుందాం. 18 లక్షలు చేతికొస్తాయి. మిగిలిన 12 లక్షల మీద ఏటా ఆరున్నర శాతం చొప్పున నెలకు 6,500 రూపాయలు వస్తాయి. మూల వేతనం 80 వేల దగ్గర దిగిపోయే పాత పద్ధతి ఉద్యోగికి నెలకు 40 వేలు, దాని మీద కరవు భృతి. ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు, ఎందుకంటే 18 లక్షల నగదును పక్కన పెట్టేస్తోంది. దాన్ని కలిపి చూసినా తేడా పూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ 6,500 సాధారణంగా చివరిదాకా 6,500 గానే ఉంటుంది. ఉప్పూ పప్పూ ధరలు పెరిగే భయం అంతకుముందు ప్రభుత్వానిది, ఇప్పుడది పెన్షనరు ఇంటికి వచ్చింది.

కరవు భృతి (డీఏ) బకాయిల్లోనూ తేడా తెలిసేది. పాతవాళ్లకు జీపీఎఫ్‌లో పడేవి. సీపీఎస్ వాళ్లకు 10 శాతం ప్రాన్‌కు పోయి, మిగతాది నగదుగా, చాలాసార్లు వాయిదాల్లో అందేది. మొదట్లో కుటుంబ పింఛను కూడా లేకపోవడం అన్నిటికన్నా క్రూరమైన లోటు. నాలుగైదేళ్ల సర్వీసులో ఉద్యోగి చనిపోతే ఖాతాలో ఉన్న కాస్త సొమ్మే ఇల్లాలికి ఆధారం. తెలంగాణలో సర్వీసులో ఉండగా మరణించిన సీపీఎస్ ఉద్యోగుల కుటుంబాలకు పింఛనిచ్చే ఉత్తర్వు 2021 జూన్‌లో, పీఆర్సీ జీవోలతో పాటు వచ్చింది. పథకం మొదలయ్యాక పదహారేళ్లకు పైగా పట్టిందన్నమాట.

డీఎస్సీ 2003

కటాఫ్ తేదీ ఎంత మొరటుగా పడిందో చూడాలంటే డీఎస్సీ (జిల్లా ఎంపిక కమిటీ) 2003 ఉపాధ్యాయుల కథ చాలు. నోటిఫికేషన్ 2003లో, పాత పింఛను అమల్లో ఉండగా వచ్చింది. నియామకాలు సాగి సాగి 2005లో పూర్తయ్యాయి. ఆలస్యం అభ్యర్థులది కాదు, శిక్ష మాత్రం వాళ్లది. ఒకే బడిలో, ఒకే తరగతికి చెప్పే ఇద్దరిలో 2002 డీఎస్సీ మాస్టారికి జీపీఎఫ్, పాత పింఛను. 2003 డీఎస్సీ మాస్టారికి ప్రాన్. కేంద్రం 2023 మార్చి 3న తన ఉద్యోగుల్లో ఇలాంటివారికి, అంటే 2003 డిసెంబరు 22కు ముందు వెలువడిన ప్రకటనల ద్వారా ఎంపికైనవారికి, పాత పింఛను ఎంచుకునే వీలిచ్చింది. "మెమో 57"గా పేరుపడ్డ ఆ ఉత్తర్వును ఇక్కడా వర్తింపజేయాలన్నది డీఎస్సీ 2003 ఉపాధ్యాయుల డిమాండు.

ఆలస్యపు దెబ్బ తరవాతి నియామకాల మీదా పడింది. 2019లో రాష్ట్రమంతటా 9,355 పోస్టుల్లో జూనియర్ పంచాయతీ కార్యదర్శులను తీసుకున్నారు. వాళ్లు నాలుగేళ్లు ఏకమొత్తపు వేతనం మీద పనిచేసి 2023లో గానీ రెగ్యులర్ కాలేదు. ఖాతా పద్ధతిలో తొలి ఏళ్ల జమకే ఎక్కువ కాలం పెరిగే అవకాశం ఉంటుంది, ఆ ఏళ్లే వీరికి పోయాయి.

ఏటా సెప్టెంబరు 1ని సీపీఎస్ సంఘాలు "పెన్షన్ విద్రోహ దినం"గా పాటిస్తూ నల్ల బ్యాడ్జీలతో విధులకు హాజరవుతాయి. వీళ్ల గోడు విని ఆర్టీసీ కార్మికుడు నవ్వుకున్నా తప్పు పట్టలేం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు డిపోల డ్రైవర్లకు ప్రావిడెంట్ ఫండు, 1995 నాటి ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) తప్ప సర్కారు పింఛను ఏనాడూ లేదు. ఈపీఎస్ కనీస పింఛను 2014 నుంచి నెలకు వెయ్యి రూపాయలు.

రోజుకో రూపాయి

ఖాతా పద్ధతిని అతి పేదల దాకా తీసుకెళ్లిన ప్రయోగం అభయహస్తం. 2009లో ఉమ్మడి రాష్ట్రం దీనికి చట్టమే చేసింది. పొదుపు సంఘం సభ్యురాలు రోజుకు ఒక రూపాయి చొప్పున ఏడాదికి 365 కడితే ప్రభుత్వం మరో 365 కలుపుతుంది. అరవై దాటాక నెలకు కనీసం 500 రూపాయల పింఛను. నిర్వహణ ఇందిరా క్రాంతి పథం యంత్రాంగానిది, నిధి బాధ్యత ఎల్ఐసీది. చిలీ నమూనాకు లేని ఒక సుగుణం ఇందులో ఉంది. ఖాతా ఎంత చిన్నదైనా కనీస పింఛనుకు ప్రభుత్వం హామీ ఇచ్చింది.

రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ప్రభుత్వం 2014 నవంబరు 8న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో ఆసరా పింఛన్లను ప్రారంభించింది. వృద్ధులకు నెలకు వెయ్యి, 2019 నుంచి 2,016 రూపాయలు. ఒక్క పైసా కట్టకుండా వెయ్యి వస్తుంటే రోజూ రూపాయి కట్టి 500 తీసుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? అభయహస్తం అలాగే వాడిపోయింది. కట్టిన సొమ్ము మహిళలకు తిరిగి ఇస్తామని ప్రభుత్వం 2022లో ప్రకటించింది. సర్కారు ఉద్యోగికి హామీ పింఛను తీసేసి ఖాతా ఇచ్చిన ఈ నేల మీదే, పదేళ్లు తిరిగేసరికి పేదింటి మహిళకు ఖాతా తీసేసి హామీ పింఛను ఇచ్చారు. ఈ రెండు నిర్ణయాల్లో రెండోదాన్ని ఆర్థిక భారమని తప్పుపట్టినవాళ్లున్నారు గానీ, దున్నుకునే చెలక తప్ప మరేదీ లేని ముసలామెకు పొదుపు చేసుకొమ్మని చెప్పడం కన్నా అది మేలైనదే.

మగ్గాల సంగతి కొంచెం వేరు. 2017లో వచ్చిన నేతన్నకు చేయూత పొదుపు పథకంలో కార్మికుడు కూలిలో 8 శాతం వేస్తే ప్రభుత్వం 16 శాతం కలిపేది. గద్వాల, రాజోలి, అమరచింత నేతగాళ్లకు ఇది అక్కరకొచ్చింది. మూడేళ్లకు చేతికందే పొదుపు కాబట్టి దీన్ని పింఛను అనలేం. 2015లో కేంద్రం తెచ్చిన అటల్ పెన్షన్ యోజనలో నెలకు వెయ్యి నుంచి అయిదు వేల దాకా హామీ ఉంది, కానీ నలభై ఏళ్లలోపే చేరాలి, క్రమం తప్పకుండా కట్టాలి. పుణె, ముంబై పనులకు పోయే వలస కూలీకి ఆ క్రమమే కుదరదు.

వెనక్కి మళ్లిన అడుగులు

అర్జెంటీనా 2008లో ప్రైవేటు ఖాతాల నిధిని ప్రభుత్వపరం చేసింది. ఆ తరవాత హంగరీ, పోలండ్ ఖాతాల్లోని సొమ్ములో పెద్ద భాగాన్ని ప్రభుత్వ వ్యవస్థలోకి లాక్కున్నాయి. చిలీ కూడా 2008లో పేద వృద్ధులకు పన్నుల సొమ్ముతో పింఛను చేర్చుకోక తప్పలేదు. మన దేశంలో 2022లో రాజస్థాన్‌తో మొదలై ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ పాత పింఛనుకు తిరిగి వెళ్లే నిర్ణయాలు తీసుకున్నాయి. ఇది రేపటి ఖజానాకు ముప్పని రిజర్వు బ్యాంకు 2023 జనవరిలో హెచ్చరించింది.

తుంగభద్ర అవతలి ఆంధ్రప్రదేశ్‌లో అధికారంలోకి వచ్చిన వారంలో సీపీఎస్ రద్దు చేస్తానన్న వై.ఎస్.జగన్‌మోహన్‌రెడ్డి చివరికి 2023లో చివరి మూల వేతనంలో సగం హామీ ఇచ్చే జీపీఎస్ (గ్యారంటీడ్ పెన్షన్ సిస్టమ్) చట్టం తెచ్చారు. రద్దు మాట నమ్మిన సంఘాలు దాన్ని ఒప్పుకోలేదు. 2024లో ప్రభుత్వం మారాక దాని అమలు ఉత్తర్వును పక్కన పెట్టారు. తెలంగాణలో 2023 ఎన్నికల మేనిఫెస్టోలో పాత పింఛను తిరిగి తెస్తామని కాంగ్రెస్ మాట ఇచ్చింది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పింఛను పథకాన్ని అమలుచేసింది. పాతికేళ్ల సర్వీసు ఉంటే చివరి పన్నెండు నెలల సగటు మూల వేతనంలో సగం, పదేళ్ల సర్వీసుకు కనీసం పది వేలు. ఉద్యోగి 10 శాతం కోత అలాగే ఉంటుంది, ప్రభుత్వ వాటా 18.5 శాతానికి పెరిగింది. పేరు ఖాతాదే అయినా మార్కెట్ తగ్గితే పూడ్చే పూచీ మళ్లీ ప్రభుత్వం నెత్తికెక్కింది.

ఇప్పటిదాకా సీపీఎస్ కింద ఇక్కడ రిటైరైనవారిలో ఎక్కువమంది నడివయసులో చేరి, పూర్తి సర్వీసు జమ లేకుండానే దిగినవాళ్లు. వాళ్ల చేతికొచ్చిన చిన్న మొత్తాలను చూసి పథకాన్ని తూచడం కొంత తొందరపాటు. తెలంగాణలో విరమణ వయసు 2021లో 61కి పెరిగింది. 2005లో ఇరవై నాలుగేళ్ల వయసులో డీఎస్సీ 2003 ద్వారా చేరిన ఉపాధ్యాయుడు 2042 ప్రాంతంలో దిగిపోతాడు. పూర్తి సర్వీసు జమతో యాన్యుటీ కొనబోయే మొదటి వరస అతనిదే.