అమెరికా అధ్యక్ష ఎన్నికలలో సైనిక సేవా నేపథ్యం

అమెరికా సంయుక్త రాష్ట్రాల అధ్యక్ష ఎన్నికలలో అభ్యర్థుల సైనిక సేవ తరచుగా చర్చకు వచ్చే అంశం. రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడే సాయుధ దళాలకు సర్వసేనాధిపతి. అయితే అధ్యక్ష పదవికి జన్మతః పౌరసత్వం, 35 ఏళ్ళ వయస్సు, 14 ఏళ్ళ నివాసం మాత్రమే అర్హతలు. సైన్యంలో పనిచేసి ఉండాలన్న నియమం లేదు. ఆ అర్హతను తూచే పని ఓటర్లదే.

చరిత్ర

మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ స్వాతంత్ర్య సమరంలో సేనాపతి. ఆండ్రూ జాక్సన్, జాకరీ టేలర్, యులిసిస్ గ్రాంట్, డ్వైట్ ఐసెన్‌హోవర్‌లు కూడా యుద్ధవిజయాల కీర్తితో అధ్యక్షులైనవారే. 1811లో టిప్పెకనూ వద్ద పోరాడిన విలియం హెన్రీ హారిసన్ 1840లో పోటీ చేసినపుడు, ఆ యుద్ధం పేరును ఉపాధ్యక్ష అభ్యర్థి జాన్ టైలర్ పేరుతో కలిపిన నినాదం దేశమంతటా మారుమ్రోగింది. దీనికి భిన్నంగా, అంతర్యుద్ధంలో తనకు బదులు డబ్బిచ్చి మరొకరిని పంపిన గ్రోవర్ క్లీవ్‌లాండ్ 1884లో గెలిచాడు. అప్పటి చట్టం అందుకు అనుమతించేది. ఆయన ప్రత్యర్థి జేమ్స్ బ్లెయిన్ కూడా అదే పని చేశాడు.

1945 నుండి 1993 వరకు, హారీ ట్రూమన్ మొదలుకొని జార్జి హెచ్. డబ్ల్యు. బుష్ వరకు అధ్యక్షులందరూ ఏదో ఒక దశలో సైనిక దుస్తులు ధరించినవారే. 1973లో నిర్బంధ సైనిక సేవ ముగియడంతో మాజీ సైనికులైన నాయకుల సంఖ్య క్రమంగా తగ్గింది. 2012లో రెండు ప్రధాన పార్టీల అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థులు నలుగురిలో ఒక్కరికీ సైనిక సేవ లేదు.

ఉపాధ్యక్ష అభ్యర్థి ఎంపిక

ప్రధాన అభ్యర్థిలోని లోటును పూరించేందుకు సైనిక నేపథ్యం గల వ్యక్తిని ఎంచుకోవడం ఒక పద్ధతి. వియత్నాం యుద్ధ కాలంలో సైన్యంలో చేరకుండా తప్పించుకున్నాడన్న విమర్శ ఎదుర్కొన్న బిల్ క్లింటన్, 1992లో వియత్నాంలో సైనిక విలేఖరిగా పనిచేసిన అల్ గోర్‌ను ఎంచుకున్నాడు. అదే ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో, వియత్నాంలో ఏడేళ్ళకు పైగా యుద్ధఖైదీగా ఉన్న జేమ్స్ స్టాక్‌డేల్‌ను తీసుకున్నాడు. 1988లో మాత్రం ఎంపికే వివాదమైంది. వియత్నాం వెళ్ళకుండా ఉండేందుకే డాన్ క్వేల్ ఇండియానా నేషనల్ గార్డులో చేరాడని ప్రత్యర్థులు ఆరోపించారు. అయినా ఆ జంట గెలిచింది.

2024లో ఇరుపక్షాల ఉపాధ్యక్ష అభ్యర్థులూ మాజీ సైనికులే. జె. డి. వాన్స్ 2003 నుండి 2007 వరకు మెరైన్ కోర్‌లో ఉండి, ఇరాక్‌లో ప్రజాసంబంధాల విభాగంలో పనిచేశాడు. టిమ్ వాల్జ్ 24 ఏళ్ళు నేషనల్ గార్డులో ఉండి 2005లో విరమించాడు. తన దళం ఇరాక్ వెళ్ళబోయే ముందు తప్పుకున్నాడని వాన్స్ ఆయనను విమర్శించాడు. వాల్జ్ అప్పటికే కాంగ్రెసుకు పోటీ చేసేందుకు పత్రాలు దాఖలు చేశాడు. దళానికి ముందస్తు ఉత్తర్వు ఆయన విరమణ తరువాత వచ్చింది. యుద్ధంలో ఆయుధం పట్టినట్లు 2018లో ఆయన అన్న మాట పొరపాటని ప్రచార బృందం ఒప్పుకున్నది. 2025 జనవరిలో ఉపాధ్యక్షుడైన వాన్స్ భార్య ఉషా చిలుకూరి తల్లిదండ్రులు ఆంధ్ర ప్రాంతం నుండి వలస వెళ్ళిన తెలుగువారు.

రికార్డులపై వివాదాలు

సేవ ముగించిన వారికి డీడీ-214 అనే పత్రం ఇస్తారు. అందులో హోదా, పతకాలు, సేవాకాలం, విడుదల తీరు నమోదై ఉంటాయి. పూర్తి దస్త్రాలు సెయింట్ లూయిస్‌లోని జాతీయ భాండాగారంలో ఉంటాయి. అక్కడ 1973లో జరిగిన అగ్నిప్రమాదంలో కోటి అరవై లక్షలకు పైగా దస్త్రాలు నాశనమయ్యాయి.

పతకాలు కూడా విమర్శకు అతీతం కావు. సిల్వర్ స్టార్, మూడు పర్పుల్ హార్ట్ పతకాలు పొందిన జాన్ కెర్రీ సేవను 2004లో ఒక మాజీ సైనికుల బృందం ప్రకటనల ద్వారా ప్రశ్నించింది. నౌకాదళ రికార్డులు, ఆయన పడవలో పనిచేసినవారిలో అత్యధికుల సాక్ష్యం కెర్రీకే అనుకూలంగా ఉన్నా, ఆ ప్రచారం ఆయనకు నష్టం కలిగించింది.

ఫలితాలపై ప్రభావం

యుద్ధ సేవ విజయానికి హామీ కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో తీవ్రంగా గాయపడిన బాబ్ డోల్ 1996లోను, అయిదున్నరేళ్ళు యుద్ధఖైదీగా ఉన్న జాన్ మెకెయిన్ 2008లోను, సైన్యంలో పనిచేయని ప్రత్యర్థుల చేతిలో ఓడిపోయారు.