మాయాబజారు గోంగూర

ఉగాది విందునకు మా పాండూరు ఇండ్లలో ఏటేట గోంగూర పచ్చడి నూరుదుము. రోటి చుట్టును చేరినపుడు ‘మాయాబజార్’ ముచ్చట తప్పదు.

కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయా వారు మద్రాసులో తీసిన ఆ చిత్రము 1957 మార్చి 27న విడుదలయ్యెను. తమిళమునను ఆ యేడే వచ్చెను. శశిరేఖ కథ వ్యాసభారతమున లేదు. గోంగూర అసలే లేదు. పింగళి నాగేంద్రరావుగారు మగపెండ్లివారి నోట ఆ ఆకును పొగడించి, అది తెలుగింటి పెండ్లి యనిపించిరి.

అప్పటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిది. పటాస్కర్ తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమున చేరెను. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల పల్లెలు కొన్ని ఆంధ్రకు పోయెను.

మేము రైల్వే కొలువులకై వచ్చినవారము. సంతలో ‘పుళిచ్చకీరై’ యని అడిగి తెత్తుము, అందు తప్పులేదు. కాని పిల్లలు ఇంటను ఆ పేరే పలుకుచుండిరి. అందుచే ఎండుమిరపకాయలు, మెంతులు వేయించి, ఆకు మగ్గించి నూరుచు, రంగారావుగారి ఘటోత్కచుని విందు చెప్పుచున్నాము. నిరుడు పంక్తిలో ఒక పసివాడు “గోంగూర ఇంకొంచెం వెయ్యమ్మా” అన్నాడు. మా ఆడవారు రెండుమార్లు వడ్డించిరి.

సోదర సోదరీమణులారా, మీ ఇండ్లను ఈ ముచ్చట సాగింపుడు.