సోపు: ఒక పేరు, మూడు మొక్కలు

ఉగాది విందు ముగిసి విస్తళ్లు ఎత్తిన తరువాత తాంబూలపు పళ్లెములో వక్కాకులతోపాటు సోపు కూడ ఉంచుట మనలో పరిపాటి. తరతరాలుగా ఇతర సీమలలో స్థిరపడిన మనవారు ఆ గింజను పలువిధములుగా పిలుస్తారు. బెంగుళూరులో పెరిగినవారికి అది బడేసోపు, మదరాసువారికి సోంబు, పూనావారికి బడీశేప, బరంపురమువారికి పానమధురి. ఇంట్లోని అవ్వ మాత్రము “పెద్దజీలకఱ్ఱ అనండర్రా!” అంటుంది. తమిళుల పెరుంజీరకము అనే మాటకు అర్థము కూడ అదే. పేర్లెన్ని ఉన్నా గింజ ఒక్కటే గదా అని మనము సరిపెట్టుకుంటాము. కాని ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు దీనినే “అనిసీడ్” అనుటతో చిక్కు మొదలవుతున్నది. అనిస్ అను మొక్క వేరు, మన సోపు వేరు.

రెండూ కొత్తిమెర, జీలకఱ్ఱల కుటుంబములోనివే. సోపు మొక్క మనిషెత్తు పెరుగుతుంది. ఆకులు వెండ్రుకలవలె సన్నముగా, పువ్వులు పసుపుపచ్చగా ఉంటాయి. అనిస్ మొక్క సుమారు రెండు మూడడుగులు పెరుగుతుంది. దాని అడుగు ఆకులు గుండ్రముగా, పై ఆకులు చీలికలుగా, పువ్వులు తెల్లగా ఉంటాయి. గింజ సోపుకంటె చిన్నది, బూడిదవన్నెది, దానిమీద సన్నని నూగు ఉంటుంది. అనెథోల్ అనే పదార్థము రెండింటి తైలములలోను ఉండుటచేతనే వాసన కలుస్తున్నది.

అనిస్ పుట్టినిల్లు మధ్యధరా సముద్రపు తూర్పుతీరము, పశ్చిమాసియా ప్రాంతములు. క్రీ.పూ. 160 ప్రాంతమున రోమను పెద్ద కేటో తన వ్యవసాయ గ్రంథములో ఒక రొట్టె చేయు విధము చెప్పినాడు. పిండిలో ద్రాక్షరసము, అనిస్, జీలకఱ్ఱ, జున్ను, పందికొవ్వు కలిపి, సుగంధపు ఆకులమీద పెట్టి కాల్చవలెనట. అటువంటి రొట్టెలను రోమనులు పెండ్లివిందులలో పంచేవారు. క్రీ.శ. 79లో మరణించిన ప్లినీ, ఉదయము అనిస్‌ను తేనెతో నమిలితే నోటి దుర్వాసన పోతుందని వ్రాసినాడు. భోజనానంతరము సోపు నమిలే మనకు ఆ మాట వింతగా తోచదు. క్రీ.శ. 800 ప్రాంతమున ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ కాలములో, రాజతోటలలో నాటవలసిన మొక్కల జాబితాలో దీనికి చోటు దొరికినది. 1753లో లిన్నేయసు దీనికి శాస్త్రనామము స్థిరపరచినాడు.

పేర్ల తారుమారు మనకు మాత్రమే పట్టిన దోషము కాదు. మత్తయి సువార్త 23వ అధ్యాయములో దశమభాగము చెల్లించే మొక్కల ప్రస్తావన ఉన్నది. అక్కడి గ్రీకుమాటకు అర్థము సోయికూర. కన్నడిగుల సబ్బసిగె, మరాఠీల శేపు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదకులు దానిని అనిస్ అన్నారు. తెలుగు బైబిలులో అది సోపు అయినది. ఒక మొక్క మూడు భాషలు దాటేసరికి మూడు మొక్కలైనది!

ఇక అనాసపువ్వు సంగతి. పలావులో వేసే ఈ ఎనిమిది రేకుల నక్షత్రము పువ్వు కాదు, కాయ. అనాసపండుతో దీనికి చుట్టరికము లేదు. దక్షిణ చైనా, ఉత్తర వియత్నాములలో పెరిగే చెట్టు కాయ ఇది. దీనిలోను అనెథోల్ ఉన్నది గనుకనే ఇంగ్లీషువారు దీనిని నక్షత్రపు అనిస్ అన్నారు. ఇక్కడ పొరపాటు పడితే ప్రాణము మీదికే రావచ్చును. జపాను దేశపు అనాసపువ్వు జాతి చూపునకు అచ్చముగా ఇట్లే ఉంటుంది గాని విషము. ఆ కల్తీ భయముచేత 2003లో అమెరికా ప్రభుత్వ ఆహార ఔషధ శాఖ, పసిపిల్లలకు అనాసపువ్వు కషాయము పట్టవద్దని హెచ్చరించినది. “సోపునీళ్లు పట్టండి” అని ఒకరు, “అనిస్ పట్టండి” అని వేరొకరు చెప్పగా అంగడికి పరుగెత్తే తల్లికి పేరు తెలియుట ఎంత అవసరమో దీనిచేత స్పష్టము.

అనిస్‌ను పెరటిలో పెంచదలచినవారు ముందుగా కొత్త విత్తనము సంపాదించవలెను. పాతది సరిగా మొలవదు. బెంగుళూరు, పూనా వంటి చల్లని మెట్టసీమలలో కార్తీకమాసము అనుకూలము. వేరు లోతుకు దిగే స్వభావముగలది గనుక నారుపోసి నాటక, ఎండ తగిలే తేలిక నేలలో ఉన్నచోటనే చల్లవలెను. రెండు వారములలో మొలకలు వస్తాయి. అరడుగు ఎడముంచి మిగిలినవి పీకివేయవలెను. నీరు నిలువరాదు. లేత ఆకులు మజ్జిగలోను, పచ్చికూరముక్కలలోను వేసుకోవచ్చును. సుమారు నాలుగు నెలలకు గింజ బూడిదవన్నెకు తిరుగుతుంది. అప్పుడు గుత్తులు కోసి గుడ్డమీద నీడలో ఆరబెట్టవలెను. ఆలస్యమైతే గింజ రాలిపోతుంది. వేడి ఎక్కువైన సముద్రతీర పట్టణములలో గింజమీద ఆశ తగ్గించుకొని ఆకుతో తృప్తిపడుట మేలు.

మనము ఏ సీమలో ఉంటే ఆ సీమ మాట వాడుట న్యాయమే. అంగడివానికి తెలియవలెను గదా! కాని అవ్వ చెప్పే పెద్దజీలకఱ్ఱ అనే మాటను పిల్లలచేత ఒక పుస్తకములో వ్రాయించి, పక్కన అంగడిమాటను, గింజ రూపమును వ్రాయించండి. మాట నిలుస్తుంది, వస్తువు తెలుస్తుంది. ఈ ఉగాది తాంబూలముతో ఆ పని మొదలుపెట్టుదుము గాక!